నర్సమ్మ హస్తవాసి

నా కుడిచెయ్యి నాది గాదు, ప్రొద్దుటూరోల్లది. నేను దాన్ని ఊరికే భుజానికి తగిలించుకోని తిరుగుతాంటి, అంతే. నమ్మకపోతే ఆ కాలంలో మెయిన్ బజార్లో ఎవుర్నన్నా అడిగుంటే చెప్పుందురు. నర్సమ్మ పేరేందో వాల్లకు తెల్దు గానీ నర్సమ్మ చెయ్యి ఎట్లాటిదో మాత్రం గంటసేపు చెప్తారు.

మా ఆస్పత్రి పేరు చెప్పను. చెప్తే మల్ల కమిటీ కూచ్చుంటాది. గుడ్డలంగళ్ళోల్లు, బంగారంగళ్ళోల్లు కలిసి నడుపుతాండిన ధర్మాసుపత్రి అది. ఇరవై మంచాలు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి రొండేండ్లయినా మా బోర్డు మీద ఇంగా ఆంధ్ర రాష్ట్రం అనే ఉండె. ఆ ఇద్దరు నర్సుల్లో నేనొకదాన్ని, ఇందుమతిని. రొండో ఆమె గుల్జార్‌బీ. ఇద్దరమూ ఒకే చోట, ఒకే ఏడు ట్రైనింగు అయినాము. పరీక్షలో దానికి నాకంటే ఎక్కువ మార్కులు. సూది నాకంటే మెత్తగ ఏస్తాది. ఇది నేను పొగిడే మాట గాదు, మాకు నేర్పిన సిస్టరమ్మ అందరి ముందరా చెప్పిన మాట.

కత యాడ మొదలైందంటే, గోవిందరాజులు శెట్టి మనవడి దగ్గర. శెట్టి మా కమిటీకి ప్రెసిడెంటు, పెద్ద గుడ్డలంగడి ఆయనది. మనవడికి నిమోనియా వస్తే మా డాక్టరు బాలసుబ్రహ్మణ్యం పెన్సిలిన్ రాసినాడు. డ్యూటీలో ఉండేది నేను గాబట్టి నేనేసినా. మూడో దినానికి జరం దిగింది. దిగదా మల్ల? దిగేదానికే గదప్పా దాన్ని కనిపెట్టినారు! శెట్టి మాత్రం మందును చూళ్ళేదు, నా చెయ్యిని చూసినాడు. "ఆయమ్మ హస్తవాసి అట్లాటిది" అని అంగట్లో గుడ్డ చించేటప్పుడల్లా ఒకరికి చెప్పినాడు. ఆయన రోజుకు శానా గుడ్డ చించుతాడు.

అదే వారంలో రిటైరైన తాసిల్దారు తల్లికి గుల్జార్ సూది ఏసింది. అదే మందు, అదే సీసా. ఆ ముసలామెకు ఎనభై ఎనిమిదేండ్లు. మరుసటి దినం పొద్దన్నే పోయింది. ఇంగేముంది, సందకాడికి ఊరంతా తేల్చేసినారు. ఇందుమతి చెయ్యి మంచిది, గుల్జార్ చెయ్యి మంచిది గాదు. ఎనభై ఎనిమిదేండ్ల మనిషి సచ్చిపోయేదానికి గుల్జార్ చెయ్యి సాయం కావాల్నా అని నేను గొంతు చించుకుంటి. యవురింటారు? గుల్జార్ తురకామె అని గూడ గాదు కత. కుట్టుమిషన్ సిరాజుద్దీన్ సాయిబు దానికి సొంత చిన్నాయన కొడుకు. ఆయన గూడ దాని స్టూలు దాటుకోని నా వరసలోనే వచ్చి నిలబడె.

ఆ దినం నుంచి మా ఆస్పత్రిలో సూదులేసే రూములో రొండు స్టూళ్ళు, ఒకే వరస. గుల్జార్ ముందర ఈగ గూడ వాలదు. నా ముందర వరస వరండా దాటి గేటు దాటి జట్కాల స్టాండు దాకా పోతాది. "ఈడ ఊరికే కూచ్చోనుంది గదమ్మా, ఈ నర్సమ్మ దగ్గర ఏపిచ్చుకో" అంటే, "పర్వాలేదులే తల్లీ, మేం మద్యానం దాకా నిలబడతాం" అంటారు. మీరు నిలబడతారు సరే, నేను గదా కూచ్చోలేంది! పొద్దన్నే ఏడుకు నిలబడితే మద్యానం మూడుకు అన్నం. దొడ్లోకి పోవాల్నంటే వరసకు మొక్కి పర్మిషన్ అడగాల్సి వస్తాండె. "తొందరగ రా తల్లీ, వర్జ్యం వస్తాది" అని పంపిచ్చేవాల్లు.

వర్జ్యం మాట వచ్చింది గాబట్టి చెప్తా. మా నాయన పులివెందులలో పురోహితుడు. ఆ సంగతి ఎట్లనో ఊరికి తెలిసిపాయె. సగంమంది చెయ్యి చాపి, నేను స్పిరిట్ దూది రుద్దినాక, "రాహుకాలం పోయిందా తల్లీ?" అని చెయ్యి ఎనక్కు తీసుకుంటారు. ఒక చేత్తో సూది, నోట్లో పంచాంగం. నేను పద్దెనిమిదేండ్లకే మొగుణ్ణి పోగొట్టుకోని నర్సు పనికి పోతానంటే, దాని చేతి నీళ్ళు తాగము అన్న మా దాయాదులు గూడ పులివెందుల నుంచి బస్సెక్కి వచ్చి, అదే చేతికి జబ్బ చూపిచ్చినారు. నీళ్ళు మాత్రం ఇంటి నుంచి చెంబులో తెచ్చుకున్నారు.

సైన్సు అయ్యవారు వేదవ్యాసాచార్లు అని ఒకాయన ఉండె. హైస్కూల్లో పాఠాలు, కమిటీలో సెక్రెటరీ. వచ్చినప్పుడల్లా, "హస్తవాసి అనేది మూఢనమ్మకం ఇందుమతీ, పిల్లలకు క్లాసులో గట్టిగ చెప్తాండా" అని పావుగంట ఉపన్యాసమిచ్చి, గొంతు తగ్గిచ్చి, "ఇప్పుడు నాకు నువ్వే ఏస్తావు గదా?" అంటాడు. డాక్టరు సారూ అంతే. అందరి ముందరా సైన్సు మనిషి. ఇంట్లో పిల్లకు జరమొస్తే మాత్రం, గుల్జార్ పక్కింట్లోనే కాపురముంటే దాన్ని దాటి నన్ను పిలిపిస్తాడు.

నవ్వులాట మాట పక్కన పెడ్తా. చక్రాయపేట నుంచి ఓబులమ్మ అనే ఆమె ఆరేండ్ల బిడ్డను ఎత్తుకోని వచ్చింది. ధనుర్వాతం. కాలికి ముల్లు గుచ్చుకుంటే పేడ పూసినారు, నాలుగో దినం తెచ్చినారు. ఇంగ ఏ మందు ఏం చేస్తాది? డాక్టరు రాసిందంతా ఏసినా. మద్యానానికి నా ఒళ్ళోనే పోయింది. ఓబులమ్మ నా చెయ్యి తీసి కండ్లకద్దుకోని, "నీ చెయ్యి తగిలింది గాబట్టి నా బిడ్డ బాధ లేకుండ పోయింది తల్లీ" అనింది. దానికంటే నన్ను చెప్పుతో కొట్టింటే బాగుండు. గుడ్డల రూములోకి పోయి మాసిన దుప్పట్ల మూట మీద కూచ్చోని, స్టవ్వు మీద సిరంజిలు ఉడికేంత సేపు ఏడిస్తి. నీళ్ళు తెర్లినాయి, లేచి మొగం కడుక్కోని బయటికొస్తి. వరసలో అప్పుడే మాట నడుస్తాంది: "సిరంజి ఉడకబెట్టింది గుల్జారంట. అందుకే ఈయమ్మ చెయ్యి గూడ పని చేయలే."

అట్లుండె మా లెక్క. బతికినోల్లంతా నా ఖాతా, సచ్చినోల్లంతా గుల్జార్ ఖాతా. దానికి ఎప్పుడూ కోపం రాలే. "పోనీ అక్కా, నాకు కాళ్ళన్నా సుఖంగా ఉండాయి" అని నవ్వేది.

ఇంగ నా బొటనవేలు. ఆ కాలంలో సూదులు మొండి పోతే సానరాయి మీద నూరి, మల్ల ఉడకబెట్టి, వాటితోనే ఏస్తాంటిమి. నాగలి పట్టే మనుషుల జబ్బల్లోకి మొండి సూది దిగాల్నంటే, చిక్కటి మందు సిరంజిలో కదలాల్నంటే, భారమంతా బొటనవేలి మీదనే. మూడేండ్లు అట్ల నొక్కి నొక్కి ఒక దినం పొద్దన్నే లేస్తే ఏలు బుడ్డ వంకాయంత వాచింది. జాకెట్టు గుండీలు పెట్టుకోలేను. అన్నం కలుపుకోలేను. తల గుల్జారే దువ్వింది. "అక్కా, ఇది మామూలు వాపు గాదు. జమ్మలమడుగు పా" అనింది.

జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఏలు పట్టుకోని అటు ఇటు వంచి చూసినాడు. నలభై దినాలు సిరంజి ముట్టుకోవద్దు అన్నాడు. "ముట్టుకుంటే ఈ ఏలు కొయ్యైపోతాది. ఇంగ జన్మలో వంగదు. నర్సు పని మరిచిపోవాల్సిందే."

నర్సు పని మరిచిపోతే నాకేముంది? పులివెందులలో మా దాయాదుల వంటింటి మూలనే. ఆ మూలలోంచి బయటపడేదానికి నేనెంత ఏడ్చినానో, ఎన్ని తిట్లు తిన్నానో నాకు తెలుసు. పెన్నా ఒడ్డున బస్సెక్కినానో లేదో, కండక్టరు నన్ను గుర్తుపట్టి టిక్కెట్టు ఈకుండ జోబీలోంచి మందు సీసా తీసినాడు. "నర్సమ్మా, దేవుడు పంపిచ్చినట్ల వచ్చినావు. బస్సు రోంతసేపు ఆపుతాలే" అన్నాడు. ఒరే నాయనా, నాకే చెయ్యి పడిపోయింది అంటే, "ఒక్కటే గదమ్మా" అన్నాడు. ఊర్లో అందరిదీ ఒక్కటే. అన్ని ఒక్కట్లూ కలిసి నా ఏలైంది.

సెలవుకు అర్జీ పెడ్తి. కమిటీ కూచ్చునింది. నేను చెయ్యి చూపిచ్చి, నలభై దినాలు సామీ, అంతకంటే ఒక్క దినం ఎక్కువ అడగను అంటి. శెట్టి చెడ్డోడు గాదు, కండ్లల్లో నీళ్ళు గూడ తిరిగినాయి. "దేవతకు సెలవేంది తల్లీ? గుళ్ళో అమ్మవారు సెలవు పెడితే ఊరేమైపోతాది?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. నా బాధ చూడలేక ఏం చేసినారో తెలుసునా? నా కుడిచేతికి బంగారు కడియం చేపిస్తామని తీర్మానం చేసినారు. నాగరత్నమ్మ గారి కొడుకుల బంగారంగట్లో మంచి పనోడు ఉండాడంట. బంగారుకు ప్రొద్దుటూరులో ఏం తక్కువ! తక్కువైందల్లా నాకు సెలవు.

ఇంటికి పోతాంటే తోవలో గుల్జార్ ఊరికే నవ్వుతాంది. నాకు ఒళ్ళు మండింది. ఏందే నీ నవ్వు అంటి.

"అక్కా, మా ఇండ్లల్లో ఆడోల్లకు జబ్బు చేస్తే పరదా ఎనకనుంచి చెయ్యి బయటికి పెడ్తారు, హకీము నాడి చూస్తాడు. హకీము ఆడోల్ల మొగం చూడగూడదని. ఈడ రోగి నర్సు మొగం చూడకుంటే సరిపాయె గదా?"

నాకు అర్థమయ్యే లోపల అది ఎనిమిది మూర్ల దుప్పటి తెచ్చి, సూదుల రూముకు అడ్డంగ తాడు మీద ఏలాడదీసి, నడుమ బెత్తెడు బొక్క కత్తిరిచ్చింది. డాక్టరు సార్‌కు మాత్రం చెప్తిమి. ఆయన రొండు నిమిషాలు కిటికీలోంచి బయటికి చూసి, "నేనేమీ వినలేదు" అన్నాడు. వరసలో నిలబడినోల్లకు మర్యాద కోసం కొత్త రూలు, ఆడోల్లూ మొగోల్లూ ఒకరికొకరు కనబడకుండ అని చెప్తిమి. అందరూ శానా మెచ్చుకున్నారు.

పరదా ఎనక ఇద్దరమూ పక్కపక్కన. బొక్కలోంచి జబ్బ వస్తాది. సూది ఏసేది గుల్జార్, మాట్లాడేది నేను. "ఊపిరి పట్టు నాయనా, అయిపాయె, రుద్దుకో." ఒకటే తంటా వచ్చింది. గుల్జార్ చేతికి గాజులుండాయి, నాకు లేవు. సూది ఏసేటప్పుడు గలగలమంటే నా బండారం బయటపడతాది. మొదటి దినమే అది గమనిచ్చి, గాజులన్నీ తీసి మూటగట్టి పెట్టెలో ఏసింది. మొగుడు బతికుండంగ గాజులు తీసేది వాల్లలో గూడ మంచిది గాదు. వద్దే అంటి. "ఏలు పోతే మల్ల రాదు. గాజులు పోతే మల్ల ఏసుకుంటా" అనింది.

అప్పుడు చూడల్ల ఊరి సంబరం! "ఈ నడుమ నీ చెయ్యి ఇంగా తేలికైంది తల్లీ, చీమ కుట్టినట్ల గూడ లేదు" అని ఒకరు. "పరదా కట్టినాక గుణం రొండింతలైంది" అని ఒకరు. సైన్సు అయ్యవారు బొక్కలోంచి జబ్బ పెట్టి, అభ్యాసం వల్ల నరాలకు నేర్పు వస్తాదని, అదంతా సైన్సేనని పరదాకు వివరిచ్చినాడు. శెట్టికి పిర్ర మీద సెగ్గడ్డ లేచింది. ఆయనగూడ పంచె సర్దుకోని బొక్క దగ్గరికి ఎనక్కు తిరిగి నిలబడె. గుల్జార్ నా మొగం చూసి, ఉన్నదాంట్లో మొండి సూది ఏరుకునింది. ఆ ఒక్కటే అది చేసిన పాపం.

ముప్పై నాలుగు దినాలు అట్ల గడిచె. నా ఏలు వంగుతాంది. గుల్జార్ కాళ్ళు వాచినాయి. సూదులన్నీ అదే, వార్డూ అదే, బెడ్‌ప్యాన్లూ అదే. పేరు నాది. ఒక దినం మద్యానం చూస్తే గోడకానుకోని నిలబడే నిద్ర పోతాంది, చేతిలో దూది. నాకు సిగ్గేసింది. ఇంగ ఆరు దినాలే గుల్జార్ అంటి. "ఆరు దినాలకు ఏం గాదులే" అనింది కండ్లు తెరవకుండ.

ముప్పై అయిదో దినం పులివెందుల బస్సులో మా అమ్మను తెచ్చినారు.

మా అమ్మ పేరు వెంకటసుబ్బమ్మ. జరం వచ్చి అయిదు దినాలంట. నాకు చెప్తే డ్యూటీ పాడవుతాదని చెప్పలేదంట. ఊపిరి ఎగబోస్తాంది, పెదాలు నీలంగ తిరిగినాయి. రొండు పక్కలా నిమోనియా. పరదా ఎనక మంచం ఏసి పండుకోబెడ్తిమి. డాక్టరు వచ్చి చూసి పెన్సిలిన్ అన్నాడు. గుల్జార్ అప్పటికే సిరంజి నింపింది. అమ్మ చీర రోంత జరిపి, స్పిరిట్ రుద్ది, సూది దగ్గరికి తెచ్చింది.

నాకేమైందో చెప్తా, అబద్ధం చెప్పను. ఆ నిమిషంలో నాకు పెన్సిలిన్ గుర్తు రాలేదు, సిస్టరమ్మ మాట గుర్తు రాలేదు, ముప్పై నాలుగు దినాలుగా ఆ చేత్తోనే మంచాలు దిగి ఇండ్లకు పోయినోల్లు గుర్తు రాలేదు. తాసిల్దారు తల్లి గుర్తొచ్చింది. "ఉండు, నువ్వొద్దు" అని గుల్జార్‌ను జబ్బ పట్టి పక్కకు నూకితి. సిరంజి గుంజుకుంటి. అమ్మ ఒంట్లోకి సూది పెట్టి బొటనవేలుతో నొక్కబోతి. ఏలు కలుక్కుమనింది. సిరంజి జారి బండ మీద పడి ముక్కలైపాయె. నేను ఆ నొప్పికి అరుస్తా పరదా పట్టుకుంటే, తాడు తెగి పరదా అంతా కింద పడె.

వరస వరసంతా చూసింది. నేను ఏలు కడుపులో పెట్టుకోని ముడుచుకోనుండా. బండ మీద గాజు ముక్కలు. గుల్జార్ రొండో సిరంజి తీసింది, మందు నింపింది, మా అమ్మకు ఏసింది. అమ్మకు ఒంటి మీద తెలివి లేదు.

"మల్ల ఇన్ని దినాలు మాకు ఏసిందెవరు?" అని వరసలో ఎవరో అడిగినారు. గుల్జారే ఏసింది, మీ అందరికీ గుల్జారే ఏసింది అని అరిస్తి.

ఆ మాట బజారుకు చేరేసరికి ఏం జరిగిందో చూడండి. నెల కింద తగ్గిన జరాలన్నీ ఒక్కసారిగ ఎనక్కు తిరిగి వచ్చినాయి! గుమాస్తా శ్రీనివాసులుకు దగ్గు మొదలాయె. మానిపోయిన పుండ్లు నవ పెట్టినాయి. గణపతి అనే కుర్రోడు పెండ్లి పీటల మీద కూచ్చోబోతా, నాకు ఏసింది గుల్జార్ అంట అని కండ్లు తిరిగి పడె. ఎప్పుడో మానిన సెగ్గడ్డకు శెట్టి మల్ల కుంటుకుంటా నడుస్తాండె. అందరూ ఒకటే మాట: పాత సూదులు చెల్లవు, నర్సమ్మ చేత్తో మల్ల ఎయ్యల్ల.

మూడో దినం పొద్దన్నే కమిటీ కూచ్చునింది. గుల్జార్‌ను పిలిచి వాకిలి దగ్గర నిలబెట్టినారు. కూచ్చో అని ఎవరూ అనలేదు. దాని చేతులు బోడిగ ఉండాయి, గాజులు ఇంగా ఏసుకోలేదు. ఇప్పుడు దాని ఉద్యోగం, దాని పేరు నా నోట్లో ఉండాయి. నేను వార్డు రిజిస్టరు తెచ్చి శెట్టి ముందర పరిచినా. జీవితంలో అంత బాగ ఎప్పుడూ మాట్లాడలేదు.

"చూడండి శెట్టిగారూ. ఈ ముప్పై నాలుగు దినాల్లో నేను ఒక్క సూది ముట్టుకోలేదు. ఎంతమంది నయమై పోయినారో మీరే చదవండి. మీరు గూడ ఉండారు దీంట్లో. చెయ్యి తేలికైందని ఊరంతా మెచ్చుకునింది గదా? మందు మంచిది, మనిషికి పని తెలుసు. అంతకంటే హస్తవాసి లేదు, గిస్తవాసి లేదు. మా అమ్మకు గూడ ఈ మూడు దినాల నుంచి గుల్జారే ఏస్తాంది. జరం దిగుతాంది, పోయి చూసుకోండి."

డాక్టరు సారు తల ఊపబోయి, శెట్టి ఎట్ల ఊపుతాడో చూద్దామని ఆగినాడు. సైన్సు అయ్యవారు కలం కిందపెట్టినాడు. శెట్టి రిజిస్టరు రొండు పుటలు తిప్పినాడు. నిజంగానే ఆయప్ప మనసు మెత్తబడింది, నాకు కనబడ్తాంది. ఇంగ గెలిచినామనుకుంటి.

శెట్టి రిజిస్టరు మూసి, నా తట్టు చూసి, శానా నిమ్మళంగా అడిగినాడు.

"అన్నీ ఒప్పుకుంటా తల్లీ. ఒక్కటి చెప్పు. మీ అమ్మకు ఎయ్యబోతాంటే గుల్జార్‌ను పక్కకు ఎందుకు నూకినావు?"

నేను నోరు తెరిస్తి. అమ్మ గదా, కంగారు పడినా అనొచ్చు. ఏలు బాగైందనుకుంటి అనొచ్చు. గుల్జార్ వాకిలి దగ్గరనుంచి నన్నే చూస్తాంది. దాని ముందర ఇంగో అబద్ధం చెప్పేదానికి నాకు నోరాడలేదు. భయమేసింది అంటి.

"అదే తల్లీ మేం గూడ చెప్పేది" అన్నాడు శెట్టి. ఎగతాళిగ గాదు, ఓదార్చినట్ల అన్నాడు. "ఇంత చదివినదానివి, నీకే భయమేస్తే మాకేయదా?"

సైన్సు అయ్యవారు కలం తీసి, నర్సు ఇందుమతి స్వయముగా అంగీకరించినందున, అని రాసుకున్నాడు. నా సెలవు అర్జీకి దొరకని సంతకాలు ఆ కాగితం మీద ఒక్క నిమిషంలో పడినాయి. పులివెందుల అవతల లింగాలలో కమిటీ ఒక రూము డిస్పెన్సరీ పెట్టింది, దానికి ఎప్పుడూ నర్సు లేదు. గుల్జార్ ఆ మద్యానమే నాలుగు గంటల బస్సుకు పోవాల. నాకు మల్ల వరస. రేపటి నుంచే.

గుల్జార్ ఇంట్లో రేకుపెట్టె సర్దుకుంటాంటే నేను వాకిట్లో నిలబడితి. తప్పైపాయె గుల్జార్, నా నోరు పడిపోను, నా చెయ్యి ఇరిగిపోను అని ఏడిస్తి. అది చీరలు మడత పెడ్తానే ఉండాది. ఆఖరి చీర పెట్టెలో పెట్టి అనింది.

"ఊరోల్లు అన్నప్పుడు నాకేమీ అనిపిచ్చలేదక్కా. వాల్లకు తెలియదులే అనుకుంటి. నువ్వు నూకినాక మాత్రం, ఇంటికి పోయి దీపం దగ్గర నా చెయ్యి నేనే చూసుకుంటి. నిజంగానే ఏమన్నా ఉందేమోనని."

పెట్టె మూసి తాళమేసి, అది డ్యూటీ అప్పజెప్పింది, రోజూ అప్పజెప్పినట్లే. మూడో మంచానికి కట్టు మార్చల్ల. ఏడో మంచానికి ఒంటేలు బంద్ అయింది, చూసుకోవల్ల. "పెద్దమ్మకు కుడిపక్క గడ్డ కట్టింది, ఎడంపక్క ఎయ్యల్ల. ఇప్పుడు టైమైంది." నా ఏలి తట్టు చూసింది. "ఇది నేనే ఏసి పోతాలే."

పెట్టెతో ఇద్దరమూ ఆస్పత్రికి వచ్చేసరికి అమ్మ మంచం మీద కండ్లు మూసుకోని ఉండె. జరం లేదు, మొగం తేటగ ఉండె. గుల్జార్ సిరంజి నింపి, ఎడంపక్క స్పిరిట్ రుద్ది, సూది ఏసి తీసింది. ఆకు రాలినంత చప్పుడు గూడ లేదు. అమ్మ కండ్లు మూసుకోనే నవ్వింది.

"ఎంత సల్లని చెయ్యే ఇందూ నీది. ఊరికే అంటాండారా అంతమంది."

ఈసారి నేను ఊరుకోలేదు. "నాది గాదమ్మా, గుల్జార్ చెయ్యి. వచ్చిన కాడ్నుంచి నీకు అన్నీ గుల్జారే ఏసింది. నిన్ను బతికిచ్చింది అదే" అంటి.

అమ్మ కండ్లు తెరిచింది. నన్ను చూసింది, గుల్జార్‌ను చూసింది. మెల్లగ చెయ్యి తీసి సూది ఏసిన చోట పెట్టుకునింది.

"అదేనే" అనింది. "రోంత మండుతాంది."

గుల్జార్ ఫక్కుమని నవ్వింది. మూడు దినాల్లో అది నవ్వింది అప్పుడే. దూది తీసుకోని వంగి, ఆ చోట మెత్తగ రుద్దింది. "ఇప్పుడు తగ్గిందా పెద్దమ్మా?"

"తగ్గింది గానీ, మా ఇందును రోంత రుద్దమను. అది రుద్దితే పూర్తిగ పోతాది."

గుల్జార్ ఆ దూది నా చేతిలో పెట్టి, పెట్టె ఎత్తుకోని బస్సుకు పోయింది.